కిర్రుమనే వంటిల్లు

చిన్న వంటిల్లు అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మొన్న వంటింటి అలమరలు బిగించే మనిషి మా ఇంటికి వచ్చి, టేపు సాగదీసి, పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు అని రాసుకుని, పాపం మీకు చాలా ఇరుకుగా ఉందే అని జాలిపడ్డాడు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. నేను పెరిగిన వంటింట్లో ఆయన ఆ టేపు పూర్తిగా విప్పడానికే చోటుండేది కాదు. పైగా తన అలమరల గొప్ప చెబుతూ, ఎంత గట్టిగా వేసినా తలుపు చప్పుడు రాదని నాలుగుసార్లు అన్నాడు. చప్పుడు రాకపోతే ఏం లాభమయ్యా అని అడిగాను. ఆయనకు అర్థం కాలేదు. అర్థం కావాలంటే మా లైను ఇంటి సంగతి మొదటినుంచీ చెప్పాలి.

అరవనాట సింగానల్లూరులో మిల్లు కట్టించిన లైను ఇళ్ళలో మాది ఒకటి. ముందొక గది, వెనక వంటిల్లు, ఇల్లంటే అంతే. నీళ్ళ కుళాయి లైను మొత్తానికీ ఒకటి. నాయన, అమ్మ ఇద్దరూ మిల్లులోనే. నాయన దూది బేళ్ళు విప్పి మిషన్లో వేసే ఖాతాలో, అంటే ఆ విభాగంలో, అమ్మ నూలు కోన్లు చుట్టే ఖాతాలో. అమ్మకు ఎప్పుడూ పొద్దుటి షిఫ్టే, ఏడింటికి వెళ్ళి మూడున్నరకు వచ్చేది. నాయనకు నెలకొక షిఫ్టు మారేది. నేను పెద్దదాన్ని, నా కింద ఇద్దరు చెల్లెళ్ళు. వాళ్ళిద్దరినీ అమ్మ తనతో తీసుకెళ్ళి మిల్లులోని పిల్లల గదిలో వదిలేది. మిల్లు కూతను మేము సంగు అనేవాళ్ళం. గడియారం లేని మా ఇంట్లో లేవడం, తినడం, బడికి పోవడం అన్నీ సంగు ప్రకారమే.

వంటిల్లు ఏడడుగులు బారు, అయిదడుగులు వెడల్పు. అందులో ఒక మూల రంపపు పొట్టు పొయ్యి, దాని పక్కన పొట్టు మూట, ఇంకో మూల రుబ్బురోలు, రోలు పక్కన రెండు నీళ్ళ బిందెలు, బియ్యం డబ్బా, చింతపండు కుండ, ఉల్లిపాయల బుట్ట, కిరసనాయిలు డబ్బా. మధ్యలో మిగిలిన చోట్లో అమ్మ గొంతుక్కూర్చుని వండేది. ఆమె వండుతుంటే ఇంకెవరూ లోపలికి పోకూడదు. పోతే ఎవరో ఒకరు దేన్నో ఒకదాన్ని తన్నేవాళ్ళు. ఎక్కువగా తన్నేది నేనే, తిట్లు తినేదీ నేనే.

అలాంటి ఇంటికి అవ్వ వచ్చి ఉండాల్సి వచ్చింది. అవ్వ అంటే నాయన తల్లి. కినత్తుకడవు దగ్గర ఒక కొబ్బరి తోటలో తాత, అవ్వ జీవితమంతా పనిచేశారు, తోటలోనే గుడిసె. తాత పోయాక కూడా అవ్వ ఒక్కతే అక్కడే ఉంది. ఇప్పుడు తోట వాళ్ళు గుడిసె తీసేసి ఆ చోట కొబ్బరి ఎండబెట్టే కొట్టం కట్టుకుంటామన్నారు. తేనిలో ఏలకులు ఏరే పనిలో ఉన్న మా అత్త తన దగ్గరికి రమ్మంది. అవ్వ ఒప్పుకోలేదు. కూతురి ఇంట్లో చెయ్యి తడిపేదాన్ని కాదు, అంటే అన్నం తినేదాన్ని కాదు అని తేల్చి చెప్పేసింది. మా వాళ్ళలో ఆ పట్టింపు అలాంటిది. పండక్కి వెళ్ళినా కూతురి చేతిలో ఏదో ఒకటి పెట్టి తినాలే తప్ప, ఊరికే తింటే పరువు పోయినట్టే. కనుక అవ్వకు మిగిలింది మా ఇల్లొక్కటే. అక్కడ ఇమిడితే సరి, లేదంటే ఆమెకు ఈ లోకంలో పడుకునే చోటు లేదు.

ముందు గదిలో నాయన నులక మంచం సగం, మేము చాపల మీద సగం. నాయన రాత్రి షిఫ్టుకు వెళ్ళిన నెల్లో అయితే చోటుంటుంది, పగటి షిఫ్టు నెల్లో ఉండదు. అవ్వను అలా నెలకోసారి జరపడం అమ్మకు నచ్చలేదు. మనిషికి తనదంటూ ఒక చోటు ఉండాలి, షిఫ్టు మారితే మారేది చోటేం చోటు అంది. పైగా అవ్వకు కుడి భుజంలో నొప్పి. ఎన్నో ఏళ్ళ కిందట కొబ్బరి మట్ట మీద పడి ఎముక విరిగితే, పుత్తూరు కట్టు కట్టించారు. అతుక్కుంది కానీ చలిగాలి తగిలితే సలుపు. వంటిల్లయితే పొయ్యి వేడికి వెచ్చగా ఉంటుంది. అంటే వంటింటి నేల ఖాళీ కావాలి.

అమ్మ ఏ పనైనా కొలతతోనే మొదలుపెట్టేది. దానికి బద్దా, టేపూ అక్కర్లేదు, నూలు పోగు చాలు. కినత్తుకడవు వెళ్ళినప్పుడు అవ్వ మధ్యాహ్నం చాప మీద కునుకు తీస్తుంటే, అమ్మ చెంగులోంచి పోగు తీసి, తల దగ్గర నన్ను పట్టుకోమని, పాదాల దాకా సాగదీసి ముడి వేసుకుంది. అవ్వకు మెలకువ వస్తే ఏమనుకుంటుందోనని నాకు ఒకటే నవ్వు. అమ్మ కళ్ళెర్రజేసింది. ఇంటికొచ్చాక ఆ పోగును వంటింటి నేల మీద పరిచి, దీనికి అటు జానెడు, ఇటు జానెడు, ఈ మధ్యలో ఒక్క సామాను ఉండకూడదని నాయనతో చెప్పింది. నేల మీదున్నవన్నీ గోడెక్కాలి, లేదంటే వాసాలకు వేలాడాలి.

మిల్లుకు సెలవు రోజు, ఆదివారం, పని మొదలైంది. మా గోడలు సున్నం, మట్టి. మేకు కొడితే మేకుతో పాటు గోడ కూడా చేతికొచ్చేది. అందుకని నాయన మిల్లులో పగిలిపోయి పక్కన పారేసిన, నూలు చుట్టే చెక్క బాబిన్లు గేటు చీటీ రాయించుకుని తెచ్చాడు. గోడకు లోతుగా బెజ్జం చేసి, బాబిన్ దిగ్గొట్టి, చుట్టూ సున్నం మెత్తితే అది కదలదు. అలా ఇరవై దాకా బాబిన్లు రెండు వరసల్లో గోడలోంచి బయటికి పొడుచుకుని నిలబడ్డాయి. గరిటెలు, జల్లెడ, చేట, బాణలి, అప్పడాల కర్ర అన్నీ వాటికే.

తర్వాత ఉట్లు. మిషన్ల మీద అరిగిపోయి తీసేసిన నూలు పట్టీలను అమ్మ జడలు జడలుగా అల్లింది. ఒక్కో ఉట్టిలో ఒకదాని మీద ఒకటిగా మూడు కుండలు. చింతపండు, బెల్లం, మిరపకాయలు ఒకదాంట్లో. ఉల్లిపాయలు, వెల్లుల్లి ఇంకోదాంట్లో. మూడోది పొయ్యికి దూరంగా, అన్నం సట్టికీ మజ్జిగకూ. కిరసనాయిలు డబ్బా, పొట్టు మూట పెరటి గుమ్మం పైన పలక మీదికి ఎక్కాయి. పలక దూలానికి కట్టి ఉండేది. దాని కింద నుంచి వెళ్ళేటప్పుడు నాయన తల వంచడం ఎప్పుడూ మరిచిపోయేవాడు. తగలగానే పలకను తిట్టేవాడు, అమ్మ లోపలినుంచి నవ్వేది.

గిన్నెల్లో గిన్నెలు దూర్చడం నాకు అప్పగించారు. పెద్ద అండాలో చిన్న అండా, దాంట్లో తప్పేలా, దాంట్లో చెంబు, చెంబులో గ్లాసులు. వంట మొదలుపెట్టాలంటే అన్నీ వరసగా తీయాలి, అయ్యాక అదే వరసలో పెట్టాలి, ఒక్కటి తారుమారైతే మూత పడదు. లెక్కల్లో నేను ఎప్పుడూ వెనకే, కానీ ఈ వరస మాత్రం ఈ రోజు అడిగినా చెబుతాను.

అన్నింటిలోకీ నాకు ముచ్చటైంది తలుపు వెనక సంగతి. నాయన పాత ఖాకీ నిక్కర్లు నాలుగు విప్పి, అమ్మ వాటి జేబులన్నీ ఒకే గుడ్డ మీద కుట్టింది. ఆ గుడ్డను తలుపు వెనక దిగ్గొట్టాం. ఒక జేబులో ఆవాల పొట్లం, ఒకదాంట్లో జీలకర్ర, ఒకదాంట్లో అగ్గిపెట్టె, బొత్తాం ఉన్న జేబులో పసుపు. నాయనకు జీలకర్ర ఎక్కడుందో చెప్పాలంటే, నీ కుడి వెనక జేబులో అనేది అమ్మ. ఆయన పాపం చెయ్యి ముందు తన నిక్కరుకే పోనిచ్చేవాడు.

రోలు ఒక్కటే కదలలేదు. దాన్ని ఏం చేయాలో తెలియక మీద ఒక పలక వేసి, కూరలు తరిగే బల్ల అన్నాం. పని పూర్తయ్యాక అమ్మ పోగు తెచ్చి నేల మీద పరిచి చూసింది. జానెడు, జానెడు సరిగ్గా మిగిలింది. లైనులో ఆడవాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి చూశారు, ఒక్కొక్కరే ఎందుకంటే ఇద్దరు పట్టరు. ఒకావిడ ఆ జేబుల గుడ్డ చూసి అదే రోజు సాయంత్రం మొగుడి నిక్కరు విప్పేసిందట, అతను మర్నాడు షిఫ్టుకు పోవడానికి వెతుక్కున్నాడట. అమ్మ నడకే మారిపోయింది.

అవ్వ ఒక గుడ్డ మూటతో, ఒక ఇత్తడి చెంబుతో దిగింది. వంటింట్లోకి తొంగి చూసి, నేలంతా చూసి, గోడలన్నీ తిప్పి తిప్పి చూసింది.

"ఇంత చోటు నాకేనా అమ్మణీ?" అంది.

అరవం కలిసిన మా ఇంటి తెలుగులో కోడల్ని అవ్వ అమ్మణీ అనే పిలిచేది. అంతా నీకే అత్తా అంది అమ్మ. ఆ రాత్రి పొయ్యి వెచ్చదనంలో అవ్వ హాయిగా పడుకుంది. ఇక నిశ్చింత అనుకున్నాం.

ఇక్కడ మా లైను మర్యాద ఒకటి చెప్పాలి. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్న మనిషిని పగలు ఎవరూ లేపకూడదు. ఇంటి గడియకు తువ్వాలు కట్టి ఉంటే లోపల రాత్రి షిఫ్టు మనిషి నిద్రపోతున్నాడని అర్థం. కూరగాయల బండి వాళ్ళు కూడా ఆ తలుపు ముందు కేక వేయరు. పిల్లలు గోలీలాడుకోవడానికి ఇంకో లైనుకు పోవాలి. నిద్ర చాలక మిషన్ దగ్గర కునుకు తీసి వేళ్ళు పోగొట్టుకున్న వాళ్ళు ప్రతి లైనులోనూ ఉన్నారు, అందుకే అంత పట్టింపు. అవ్వకు వచ్చిన రోజే అమ్మ చెప్పింది, ఆ నెల నాయనకు రాత్రి షిఫ్టు, పొద్దున ఏడుకి వస్తాడు, తిని పడుకుంటాడు, సాయంత్రం దాకా లేపకూడదని. అవ్వ తలూపింది.

అమ్మ పొద్దున్నే వండి, అవ్వ మధ్యాహ్నం తినడానికి అన్నం సట్టి, మజ్జిగ ఉట్టిలో పెట్టి వెళ్ళేది. కింద పెడితే పెరట్లోంచి పందికొక్కులు వస్తాయి. నేను బడికి. మూడున్నరకు అమ్మ వచ్చి చూస్తే ఉట్టిలో అన్నం అలాగే ఉండేది. ఏమత్తా తినలేదంటే, పొద్దున తిన్నదే అరగలేదని అవ్వ అనేది. అప్పుడు దించి పెడితే తినేది, బాగానే తినేది. నాలుగు రోజులు చూసి అమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. మా అత్త ఒక్కపొద్దు ఉంటోంది అని కుళాయి దగ్గర చెప్పింది. పెద్దామె, భర్త పోయిన మనిషి, మధ్యాహ్నం ముట్టదట అని లైనంతా చెప్పుకున్నారు. శనివారాల్లో కొందరు వచ్చి అవ్వ కాళ్ళకు దణ్ణం పెట్టి పోయేవాళ్ళు. అవ్వ ఏమీ అనేది కాదు. మొదట్లో గలగలా మాట్లాడే మనిషి, రోజురోజుకీ నోరు తగ్గించింది. నన్ను మాత్రం అడుగుతూ ఉండేది, కన్నూ ఆ ఉప్పు తీసియ్యి, కన్నూ ఆ గరిటె అందించు అని. నేను విసుక్కుంటూ ఇచ్చేదాన్ని. ఆ విసుగు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే నాలుగు తగిలించుకోవాలనిపిస్తుంది.

మూడు వారాలు ఇలా గడిచాక ఒక మధ్యాహ్నం జరిగిన దాన్ని అవ్వ ఒకలా, నాయన ఒకలా, పక్కింటావిడ ఇంకోలా చెప్పారు. కలిపి చూస్తే ఇదీ సంగతి. అవ్వకు కుడి చెయ్యి రొమ్ము ఎత్తు దాటి పైకి లేవదు. ఎడమ చెయ్యి లేస్తుంది కానీ, నిండు సట్టిని ఒంటి చేత్తో ఉట్టిలోంచి దించడం ఎవరి వల్లా కాదు. రోలు మీది పలక ఎక్కాలంటే తల తిరుగుతుంది. కొడుకును లేపకూడదు. పక్కింట్లో అడిగితే, కోడలు అత్తకు అన్నం అందకుండా పైన కట్టి పోయిందని లైనంతా అనుకుంటుంది. అందుకని మూడు వారాలూ అవ్వ ఆ ఉట్టి కింద, అన్నం వాసన పీలుస్తూ, మూడున్నర సంగు కోసం కూర్చుంది. ఆ రోజు ఆకలికి ఆగలేక నాయన గొడుగు తీసుకుని, దాని వంకీ పిడిని ఉట్టికి తగిలించి మెల్లగా వంచబోయింది. ఉట్టి తిరగబడింది. అన్నం, మజ్జిగ అవ్వ నెత్తి మీద, సట్టి నేల మీద.

నాయన అదిరిపడి లేచాడు. ఎర్రటి కళ్ళతో గుమ్మంలో నిలబడి, మనిషి కాసేపు నిద్రపోయే యోగం కూడా లేదా ఈ ఇంట్లో అని గట్టిగా అన్నాడు. ఎవరితో అంటున్నాడో కూడా ఆయనకు తెలియదు, నిద్రమత్తు. వెళ్ళి మళ్ళీ పడుకున్నాడు. అవ్వ నేలంతా తుడిచింది, చీర మార్చుకుంది, మూట కట్టుకుంది, తువ్వాలు కట్టిన తలుపును చప్పుడు కాకుండా దగ్గరికి వేసి బయటికి నడిచింది.

మూడున్నర సంగు మోగింది. నేను బడి నుంచి, అమ్మ చెల్లెళ్ళతో మిల్లు గేటు నుంచి, ఇద్దరం ఒకేసారి చూశాం. ఎదురుగా టౌను బస్సు ఆగే చోట అవ్వ మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. జుట్టులో ఇంకా రెండు మెతుకులు.

"యాడికత్తా?" అంది అమ్మ.

"కినత్తుకడవుకు."

"ఆడ ఎవురుండారు? గుడిసె తీసేసినారు కదా."

 అవ్వ అమ్మ కొంగు పట్టుకుని నెమ్మదిగా అంది.

"నీ వంటిల్లు శానా బాగుండాది అమ్మణీ. నువ్వు నాకోసరం ఎంత పాటు పడినావో నాకు తెలుసు. పడుకునేదానికి చోటు ఇచ్చినావు. తినేదానికిదా నా చెయ్యి పోలే."

అమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే, అంతమంది ముందు, అవ్వ కుడి చెయ్యి పట్టుకుని పైకెత్తి చూసింది. రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది. ఇన్నేళ్ళలో మాలో ఎవరూ చూడలేదు. గుడిసెలో అవ్వ సామానంతా నేల మీదే, ఆమె ఎప్పుడూ గొంతుక్కూర్చునే పని చేసేది, చెయ్యెత్తాల్సిన అవసరమే రాలేదు. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఒక్కపొద్దు అని ఊరంతా చెప్పినానే అత్తా, నాతో ఒక్క మాట అనుండకూడదా అని అడిగింది.

"నీకు చెడ్డ పేరు వస్తాది కదా," అంది అవ్వ.

బస్సు వచ్చింది, ఆగింది, పోయింది. అమ్మ మూట నా నెత్తిన పెట్టింది. అందరం ఇంటికి నడిచాం.

ఇంటికి రాగానే అమ్మ చేసిన మొదటి పని, తువ్వాలు విప్పి పారేసి, నాయనను లేపడం. లైను మర్యాద మా ఇంట్లో తప్పింది ఆ ఒక్క రోజే. జరిగింది విని నాయన మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు. తను పడుకునే చోటికీ అవ్వ ఆకలితో కూర్చున్న చోటికీ మధ్య ఒక్క గోడ. మూడు వారాలు. ఆయన ఏడవలేదు కానీ, ఆ రాత్రి షిఫ్టుకు వెళ్ళేముందు అవ్వకు తనే అన్నం వడ్డించాడు. పెరట్లోకి పోతూ తల వంచడం మరిచిపోయి పలక తగిలినా ఆ రోజు తిట్టలేదు.

అమ్మ మళ్ళీ పోగు తీసింది. అవ్వను గోడ పక్కన నిలబెట్టి, చెయ్యి చాచమని, నేల నుంచి వేళ్ళ కొస దాకా కొలిచి ముడి వేసింది. పడుకుంటే ఎంత పొడుగో కొలిచాను కానీ నిలబడితే చెయ్యెంత దూరం పోతుందో కొలవలేదు, ఎంత బుద్ధి తక్కువదాన్ని అని తనను తనే తిట్టుకుంటూ గోడ చుట్టూ బొగ్గుతో గీత గీసింది. రోజూ వాడే ప్రతి వస్తువూ ఆ గీత కిందికి దిగాలి. జేబుల గుడ్డ దిగింది. బాబిన్లు పీకి కింద మళ్ళీ దిగ్గొట్టారు. గోడ నిండా పాత బెజ్జాలు మిగిలాయి, వాటిలో సున్నం పూశాం. నాయనకు జీలకర్ర జేబు ఇప్పుడు నిజంగానే వెనక జేబు ఎత్తుకు వచ్చింది.

ఉట్లతోనే చిక్కు. కిందికి దించితే అవ్వ పడుకున్నప్పుడు ముఖం మీద వేలాడతాయి, పందికొక్కులకూ అందుతాయి. పైన ఉంచితే చెయ్యి పోదు. నాయన రెండు రోజులు ఆలోచించి, మిల్లు పాత ఇనుములోంచి మూడు చిన్న చక్రాలు గేటు చీటీతో తెచ్చాడు. దూలానికి బిగించి, బావిలో చేదకు ఉండే కప్పిలా, ఉట్టి తాడును దాని మీదుగా తిప్పి, కొసను గీత కింద బాబిన్‌కు కట్టాడు. ముడి విప్పి వదులు చేస్తే ఉట్టి నెమ్మదిగా రోలు మీది పలక దాకా దిగుతుంది. ఎడమ చేత్తో లాగితే పైకి పోతుంది. బరువంతా కప్పిదే. ఆ రోజు నుంచి పొద్దున సంగుకు మా వంటిల్లు కిందికి దిగేది, అమ్మ మిల్లుకు పోయేటప్పుడు పైకెక్కేది, మధ్యాహ్నం భోజనాల సంగుకు అవ్వ చేతుల మీదుగా మళ్ళీ దిగేది, రాత్రి అన్నాలయ్యాక పైకెక్కేది. లైను ఆడవాళ్ళు మళ్ళీ ఒక్కొక్కరే వచ్చి చూశారు.

అవ్వ నోరు మళ్ళీ తెరుచుకుంది. వారం తిరిగేసరికి వంట సగం ఆమె చేతిలోకి పోయింది. పదిహేను రోజులకు అమ్మ వండిన పులుసుకు వంకలు పెట్టడం మొదలుపెట్టింది. అమ్మ నా దగ్గర సణిగేది, చెయ్యి అందాక నోరు కూడా అందిందే అని. కానీ సణుగుతూనే ఆమె ముఖం వెలిగిపోయేది. ఒక్కపొద్దు ఏమైందని కుళాయి దగ్గర అడిగితే, మొక్కు తీరిపోయిందని అమ్మే చెప్పింది.

ఆ చక్రాలు కొత్తవి కావు కదా, కప్పి తిరిగితే కిర్రు కిర్రుమనేది. పక్కింటి దాకా వినిపించేది. నూనె వెయ్యమని నేను చాలాసార్లు అన్నాను. ఆ కిర్రు నాకు పళ్ళు పులిసినట్టుండేది. నాయన మాత్రం, చూద్దాంలే, రేపు వేస్తాలే అని దాటేసేవాడు. ఎంతో పనిమంతుడు, మిషన్లకు నూనె వెయ్యడం తెలిసిన మనిషి, ఇంట్లో కప్పికి వెయ్యడానికి ఇంత బద్ధకమా అనుకునేదాన్ని.

ఒక ఏడాది గడిచింది, అది నాయనకు రాత్రి షిఫ్టు ఉన్న నెల. నాకు అమ్మవారు పోసి తగ్గిన రోజులు, బడి లేదు, ముందు గదిలో మూలన చాప మీద ఉన్నాను. నాయన మంచం మీద గాఢనిద్రలో ఉన్నాడు, పెద్దగా గురక. వీధిలో చిత్తుకాగితాలవాడు గంట కొట్టుకుంటూ పోయినా కదల్లేదు. నా చెల్లెలు రాసుకునే పలక గూట్లోంచి జారి దబ్బున కింద పడినా కదల్లేదు. లోపల అవ్వ సామాను సర్దుకుంటోంది. మిల్లులో పన్నెండున్నర సంగు మోగింది. భోజనాల సంగు.

కాసేపటికి గురక ఆగింది. నాయన కళ్ళు తెరిచాడు. పడుకునే ఉండి చెవి రిక్కించి విన్నాడు. ఏమీ వినబడలేదు. ఒక్కసారిగా లేచి, నన్ను దాటుకుని, పంచె ఊడిపోతున్నా చూసుకోకుండా వంటింట్లోకి పరిగెత్తాడు. నేనూ భయపడి వెనకే వెళ్ళాను.

అవ్వ నింపాదిగా రోలు మీది పలక ముందు కూర్చుని ఉంది. ఉట్టి కిందికి దిగి ఉంది. అన్నం సట్టి ముందర, కంచంలో మజ్జిగన్నం, చేతిలో ముద్ద. ఆమె నాయన వైపు ఆశ్చర్యంగా చూసింది.

"చప్పుడు యాడ పోయె?" అన్నాడు నాయన. 

"పొద్దన పక్కింటమ్మను ఎక్కించి నూనె వేయిస్తిరా," అంది అవ్వ. "దినామూ ఆ కిర్రుకు నీ నిద్ర పాడవతా ఉండాదని."

నాయన ఊడిన పంచె బిగించుకుని అవ్వ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"అది వినబడితేదా నాకు నిద్ర వచ్చేది అమ్మా," అన్నాడు.

అప్పుడు నాకు తెలిసింది, ఏడాదిగా ఆయన బద్ధకం ఏమిటో. లోకమంతా గోల చేసినా లేవని మనిషి, మధ్యాహ్నం ఆ ఒక్క చప్పుడు కోసం నిద్రలోనే కాపలా కాస్తున్నాడు. కిర్రుమంటే అవ్వ అన్నం దించుకుంది, తింటోంది, ఇక పడుకోవచ్చు. కిర్రుమనకపోతే లేవాలి.

 అవ్వ చేతిలో ఉన్న ముద్ద నాయన నోట్లో పెట్టింది. ఇంకో ముద్ద నాకు పెట్టింది. తిన్నాక నాయన లేచి, పలక ఎక్కి, దూది వేస్టు తీసుకుని కప్పికి ఉన్న నూనె మొత్తం తుడిచాడు. అది చాలదని కాస్త బూడిద కూడా పామాడు. దిగి, తాడు లాగి చూశాడు. కిర్రుమంది. ఇంకోసారి లాగాడు, మళ్ళీ కిర్రుమంది. వెళ్ళి పడుకున్నాడు, మూడున్నర సంగు మోగినా లేవలేదు.